పాత జీపులో అరిగిన స్టీరింగ్ భాగాలు: గుర్తింపు, ఎంపిక, మార్పిడి

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు స్టీరింగ్‌లో వదులు ఏ కీలు నుంచి వస్తున్నదో చేతితో పట్టి గుర్తించగలుగుతారు. బజారులో కొన్న విడిభాగం మీ బండికి సరిపోతుందో లేదో బిగించకముందే పరీక్షించగలుగుతారు. టై రాడ్ ఎండ్‌ను మార్చి, చక్రాల టో-ఇన్‌ను కొలిచి సరిచేసే పద్ధతిని వివరించగలుగుతారు.

6.1 పరిచయం

విశాఖ మన్యంలోని ఘాట్ రోడ్ల మీద, గోదావరి ఏజెన్సీ గ్రామాల మధ్య పాత జీపులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మన దేశంలో జీపుల కథ 1940ల చివరలో మొదలైంది. మహీంద్రా సంస్థ అప్పట్లో విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చి అమ్మడం ప్రారంభించింది. 1953లో విల్లీస్ తెచ్చిన సీజే 3బీ నమూనా ఇక్కడ దశాబ్దాల పాటు తయారైంది. ముందు వైపు గట్టి ఇరుసు, దాని మీద కమాను పట్టీలు, చేతి బలంతో తిప్పే స్టీరింగ్ ఈ బండ్ల ప్రధాన లక్షణాలు. పవర్ స్టీరింగ్ లేదు. అందువల్ల చక్రం దగ్గర జరిగేదంతా డ్రైవరు చేతికి నేరుగా తెలుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇంత వయసున్న జీపులో ఇవాళ మీరు విప్పే స్టీరింగ్ భాగం ఫ్యాక్టరీలో బిగించినది అయ్యే అవకాశం చాలా తక్కువ. అది ఎప్పుడో ఎవరో బజారులో కొని వేసిన భాగం. దానికి ముందు వేసినది కూడా అలాంటిదే కావచ్చు. అంటే మీరు ఒక భాగాన్ని మాత్రమే మార్చడం లేదు, పాత మెకానిక్కులు చేసిన మంచీ చెడూ కూడా మీ చేతికి వస్తాయి. ఈ పాఠంలో తనిఖీకి, కొనుగోలుకు ఎక్కువ చోటు ఇవ్వడానికి కారణం ఇదే. విప్పి బిగించే పని అసలు కష్టం కాదు.

6.2 వదులు ఎలా పోగవుతుంది

స్టీరింగ్ చక్రం నుంచి రోడ్డు మీది చక్రం వరకు ఉన్నది ఒక గొలుసు. స్టీరింగ్ కాలమ్ అడుగున గేర్ పెట్టె, దాని నుంచి బయటికి వచ్చే పిట్‌మన్ ఆర్మ్, దానికి తగిలించిన డ్రాగ్ లింక్ వరుసగా ఉంటాయి. విల్లీస్ నాటి అమరికలో డ్రాగ్ లింక్ ముందుగా బెల్ క్రాంక్ అనే మధ్య చేతిని తిప్పుతుంది. ఇది ముందరి అడ్డుకడ్డీ మీద ఒక పిన్ చుట్టూ తిరుగుతుంది. అక్కడి నుంచి టై రాడ్లు చక్రాల స్టీరింగ్ ఆర్మ్‌లకు వెళతాయి. తరువాతి నమూనాలు కొన్నింటిలో బెల్ క్రాంక్ ఉండదు. మీ ముందున్న బండిలో ఏ అమరిక ఉందో మొదట కింద పడుకుని చూసి, ఒక కాగితం మీద గీసుకోండి.

ఈ గొలుసులో ప్రతి కీలూ కొంచెం అరుగుతుంది. ఆ కొంచెం డ్రైవరు చేతికి ఎంతగా తెలుస్తుందో లెక్క వేద్దాం. స్టీరింగ్ ఆర్మ్ పొడవు 150 మి.మీ. అనుకోండి. టై రాడ్ ఎండ్‌లో 1 మి.మీ. ఖాళీ ఉంటే చక్రం దాదాపు 0.38 డిగ్రీలు స్వేచ్ఛగా కదులుతుంది. విల్లీస్ జీపుల రాస్ గేర్ పెట్టె నిష్పత్తి మధ్య స్థానంలో 12, చివర్లలో 14. బండి తిన్నగా పోతున్నప్పుడు పనిచేసేది మధ్య స్థానం కనుక 12 తీసుకుందాం. లింకుల పొడవుల్లో ఉండే తేడాలను ప్రస్తుతానికి పక్కన పెడదాం. 0.38ని 12తో గుణిస్తే స్టీరింగ్ చక్రం వద్ద 4.6 డిగ్రీలు. చక్రం వ్యాసం 400 మి.మీ. అయితే అంచు దగ్గర ఇది సుమారు 16 మి.మీ. అలాంటి కీళ్లు మూడు ఉంటే 48 మి.మీ. అంటే దాదాపు మూడు వేళ్ల వెడల్పు.

ఒక్కొక్క కీలును విడిగా పట్టి చూస్తే "ఇంతేగా" అనిపిస్తుంది. మూడూ కలిసిన చోట, మలుపులో, ఎదురుగా లారీ వస్తున్నప్పుడు ఆ మూడు వేళ్ల వెడల్పు చాలా పెద్దది.

చట్టం కూడా ఈ విషయం మాట్లాడింది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 98వ నియమం ప్రకారం స్టీరింగ్ చక్రం వద్ద వృథా కదలిక 30 డిగ్రీలు మించకూడదు. స్టీరింగ్ లింకుల బాల్ జాయింట్లకు రబ్బరు టోపీలు ఉండాలి. బోల్టులు, పిన్నులతో బిగించిన చోట అవి ఊడకుండా లాక్ చేసి ఉండాలి. 400 మి.మీ. చక్రం మీద 30 డిగ్రీలంటే అంచు దగ్గర 105 మి.మీ. అది బండిని రోడ్డు మీదికి రానివ్వకూడని హద్దు. మెకానిక్ లక్ష్యంగా పెట్టుకోవలసిన కొలత కాదు. ఫిట్‌నెస్‌లో పాసైన బండి స్టీరింగ్ బాగున్నట్టే అనే వాదన మీకు తరచు వినిపిస్తుంది, ఈ లెక్క చూపించండి.

6.3 వదులు ఎక్కడుందో పట్టుకోవడం

చాలామంది చేసే తప్పు, బండిని జాకీ మీద ఎత్తి పరీక్ష మొదలుపెట్టడం. చక్రం గాలిలో ఉంటే అది తేలిగ్గా తిరుగుతుంది, కీళ్ల మీద బరువు పడదు, ఖాళీ బయటపడదు. మొదటి పరీక్షకు నాలుగు చక్రాలూ నేల మీదే ఉండాలి. ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు లేదా చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. సహాయకుడు స్టీరింగ్ చక్రాన్ని కుడికి ఎడమకు కొద్దిగా, నిదానంగా, ఆపకుండా ఆడించాలి. మీరు కింద ఒక్కో కీలు మీద చెయ్యి వేసి చూడాలి.

చూడవలసింది భాగం కదులుతోందా అని కాదు. కదలడం దాని పని. కీలుకు అటూ ఇటూ ఉన్న రెండు భాగాలు కలిసి కదులుతున్నాయా, ఒకటి ముందు కదిలి రెండోది ఆలస్యంగా కదులుతోందా అన్నది ప్రశ్న. బొటనవేలు ఒక భాగం మీద, చూపుడు వేలు రెండో భాగం మీద పెట్టండి. కంటికి కనపడని అర మిల్లీమీటరు వేళ్లకు తెలుస్తుంది. స్టీరింగ్ చక్రం వైపు నుంచి రోడ్డు చక్రం వైపు వరుసగా వెళ్లండి, మధ్యలో ఏ కీలునూ వదలకండి.

గేర్ పెట్టె దగ్గర రెండు విషయాలు గమనించాలి. లోపలికి వచ్చే షాఫ్టు కదిలినా పిట్‌మన్ ఆర్మ్ కదలకపోతే వదులు పెట్టె లోపలిది. పెట్టె మొత్తం ఛాసిస్ మీద ఊగుతుంటే బోల్టులు వదులయ్యాయి, లేదా ఛాసిస్ పట్టీ అక్కడ చిట్లింది. మట్టి, గ్రీజు గీకి చూడకపోతే ఈ చిట్లు కనపడదు. గతుకుల మీద తిరిగిన పాత బండ్లలో ఇది అరుదేమీ కాదు.

బెల్ క్రాంక్ ఉన్న బండిలో దాని పిన్, బేరింగులు అరగడం బాగా తెలిసిన బలహీనత. ఆ చేతి కొసను పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. టై రాడ్ ఎండ్లు కంటికి ఎదురుగా ఉంటాయి కాబట్టి అనుమానం ముందు వాటి మీదికి పోతుంది. మధ్యలో ఉన్న ఈ పిన్‌ను ఎవరూ చూడరు. రెండు కొత్త ఎండ్లు వేసినా జీపు అలాగే ఊగుతుంటే మొదట చూడవలసిన చోటు ఇదే.

ఒక పొరపాటు గురించి ముందే చెప్పాలి. టై రాడ్‌ను పట్టుకుని మెలిపెడితే అది తన ఇరుసు చుట్టూ కొంచెం దొర్లుతుంది. బాల్ జాయింట్ అన్ని వైపులా తిరగాలి కనుక ఇది సహజం. దాన్ని అరుగుదలగా పొరబడకండి. బంతి తన గిన్నెలో పైకీ కిందికీ లేదా పక్కకు ఖాళీగా కొట్టుకుంటేనే అది అరిగినట్టు.

ఈ పరీక్ష అయ్యాకే ముందు ఇరుసును ఎత్తి, స్టాండ్ల మీద నిలపండి. జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి దూరవద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే కదలిక ఉందనుకోండి. అప్పుడు సహాయకుడిని బ్రేకు తొక్కమనండి. కదలిక మాయమైతే వదులు చక్రం బేరింగుది. బ్రేకు తొక్కినా ఉంటే అది కింగ్ పిన్ బేరింగులది. కమాను బుష్‌లు, యు-బోల్టులు, టైర్ల గాలి కూడా చూసి ముందుకు వెళ్లండి. ఇరుసే పక్కకు జరుగుతుంటే స్టీరింగ్ భాగాలు ఎన్ని మార్చినా బండి తిన్నగా పోదు.

గట్టి ఇరుసు ఉన్న బండ్లలో ఇంకో ప్రమాదం ఉంది. ఒక వేగం దగ్గర, గతుకు తగిలిన తరువాత ముందు చక్రాలు రెండూ ఒక్కసారిగా వణకడం మొదలుపెడతాయి. స్టీరింగ్ చేతిలో నిలవదు, వేగం తగ్గించేదాకా ఆగదు. వదులుగా ఉన్న కీళ్లు, బేరింగులు, సరిగా లేని టైర్లు కలిసి దీనికి కారణమవుతాయి. స్టీరింగ్ డ్యాంపర్ ఒకటి బిగిస్తే వణుకు కొంతకాలం అణగుతుంది. కానీ అరిగిన కీలు అరుగుతూనే ఉంటుంది. పైగా హెచ్చరిక కూడా పోతుంది. కీళ్లన్నీ బాగున్న బండికి డ్యాంపర్ మంచిదే. కీళ్లు బాగుచేయకుండా డ్యాంపర్ వేయడాన్ని నేను మరమ్మతు అనను.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1) వదులు పరీక్షను చక్రాలు నేల మీద ఉండగానే ఎందుకు మొదలుపెట్టాలి?
2) స్టీరింగ్ ఆర్మ్ పొడవు 120 మి.మీ. అయితే 6.2లోని లెక్క ఎలా మారుతుంది?

6.4 బజారు భాగాన్ని ఎంచుకోవడం

విజయవాడ ఆటోనగర్ వంటి చోట పాత జీపు భాగాలు అడిగితే దుకాణదారు "కంపెనీదా, లోకలా?" అంటాడు. ఈ మాటల వెనక నిజానికి మూడు రకాలు ఉన్నాయి. వాహన సంస్థ తన పేరుతో అమ్మేది ఒకటి. వేరే తయారీదారు తన సొంత పేరుతో చేసి అమ్మేది రెండోది. పేరున్న సంస్థ పెట్టెను, ముద్రను కాపీ కొట్టిన నకిలీ మూడోది. రెండో రకాన్ని, మూడో రకాన్ని ఒకే గాటన కట్టడం అన్యాయం. సొంత పేరు వేసుకున్న తయారీదారు భాగం ఎన్నో ఏళ్లు పనిచేయవచ్చు. ఉత్పత్తి ఆగిపోయిన నమూనాలకు చాలాసార్లు దొరికేదీ అదే. కాబట్టి పెట్టె మీది పేరుకన్నా భాగాన్ని చేతిలోకి తీసుకుని చూడటం ముఖ్యం.

పాత భాగాన్ని విప్పి, దాన్ని పట్టుకుని దుకాణానికి వెళ్లండి. "ఫలానా మోడలుకు" అని అడిగితే చాలదు, ఆ బండిలో ఇదివరకే ఏదో మార్చి ఉండవచ్చు. రెండింటినీ పక్కపక్కన పెట్టి మొత్తం పొడవు, మరల మందం, మర దిశ, పిన్ను రంధ్రం ఎత్తు పోల్చండి. టై రాడ్‌కు సాధారణంగా ఒక కొసన కుడి మర, రెండో కొసన ఎడమ మర ఉంటాయి. రెండూ కుడి మరవే ఇంటికి తెచ్చుకుని తిరిగి వెళ్లిన విద్యార్థులు ఏటా కనిపిస్తారు.

అన్నింటికన్నా ముఖ్యమైనది టేపరు. బాల్ జాయింట్ కాడ కింది నుంచి పైకి క్రమంగా సన్నబడుతుంది. స్టీరింగ్ ఆర్మ్ రంధ్రం కూడా అదే వాలుతో ఉంటుంది. నట్టు బిగించినప్పుడు కాడ రంధ్రంలోకి దిగి, చుట్టూ గట్టిగా పట్టుకుంటుంది. బరువును మోసేది ఈ పట్టే. నట్టు పని ఆ పట్టు సడలకుండా చూడటం. 1:8 టేపరు అంటే 8 మి.మీ. పొడవుకు వ్యాసం 1 మి.మీ. తగ్గుతుంది. 1:10 టేపరు ఉన్న భాగాలూ బజారులో ఉంటాయి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. 1:8 రంధ్రంలో 1:10 కాడను బిగిస్తే నట్టు బిగుసుకుంటుంది, చేతికి గట్టిగానే అనిపిస్తుంది. కానీ లోపల సన్నని అంచు మాత్రమే తగులుతూ ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్లలో ఆ అంచు నలిగి కాడ రంధ్రంలో ఆడుతుంది. చివరికి కాడ విరిగినా, రంధ్రం పగిలినా చక్రానికీ స్టీరింగ్‌కూ సంబంధం తెగిపోతుంది.

దీన్ని పరీక్షించడం చాలా తేలిక. రంధ్రాన్ని, కాడను గుడ్డతో శుభ్రంగా తుడవండి. కాడ మీద మార్కింగ్ బ్లూ పలచగా పూయండి. అది లేకపోతే మార్కర్ పెన్నుతో నిలువుగా నాలుగైదు గీతలు గీయండి. కాడను రంధ్రంలో పెట్టి చేత్తో నొక్కి, కొద్దిగా తిప్పి, బయటికి తీయండి. రంగు కాడ పొడవునా చెరిగితే టేపరు సరిపోయింది. పైన మాత్రమే లేదా కింద మాత్రమే ఒక ఉంగరంలా చెరిగితే ఆ భాగాన్ని వెనక్కి ఇచ్చేయండి. పది నిమిషాల పని.

ఒక్కోసారి తప్పు కొత్త భాగానిది కాకపోవచ్చు. ఏళ్ల తరబడి వదులుగా ఆడిన కాడ వల్ల రంధ్రమే కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటుంది. రంగు ఒక పక్క చెరిగి, ఎదురు పక్క చెరగకపోతే ఇదే కారణం. అలాంటి చోట రేకు ముక్క చుట్టి కాడను బిగించిన బండ్లు కనిపిస్తాయి. రంధ్రం పాడైతే ఆర్మ్ మార్చాలి, వేరే దారి లేదు. స్టీరింగ్ ఆర్మ్‌కు, కాడకు, పిట్‌మన్ ఆర్మ్‌కు వెల్డింగ్ పెట్టడం, వేడిచేసి వంచడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. వేడికి ఉక్కు గుణం మారుతుంది. అది ఎప్పుడు విరుగుతుందో పైకి చూసి ఎవరూ చెప్పలేరు.

కొత్త జాయింట్‌ను చేత్తో కదిపితే కొంచెం బిగువుగా, అన్ని వైపులా ఒకే తీరుగా కదలాలి. గరగరలాడినా, వదులుగా వాలిపోయినా వద్దు. రబ్బరు టోపీ పగుళ్లు లేకుండా ఉండాలి. ఏళ్ల తరబడి దుకాణంలో పడి ఉన్న సరుకులో ముందు పాడయ్యేది ఇదే. టోపీ చిరిగితే దుమ్ము, నీరు చేరి, మంచి జాయింట్ కూడా త్వరగా అరిగిపోతుంది.

6.5 విప్పడం, బిగించడం

విప్పకముందే టై రాడ్ రెండు కీళ్ల మధ్య దూరాన్ని కొలిచి రాసుకోండి. పాత ఎండ్ ఎన్ని చుట్లకు బయటికి వచ్చిందో కూడా లెక్కపెట్టండి. కొత్తదాన్ని అన్నే చుట్లు తిప్పితే చక్రాలు దాదాపు పాత స్థానానికి వస్తాయి.

స్ప్లిట్ పిన్ తీసి, కాసిల్ నట్టును పూర్తిగా తీయకుండా కొసదాకా వదులు చేయండి. కాడ రంధ్రంలో బిగుసుకుని ఉంటుంది కనుక పుల్లర్ వాడటం మేలు. పుల్లర్ లేకపోతే ఆర్మ్ కన్ను పక్కన ఒక బరువైన సుత్తి ఆనించి, ఎదురు పక్క ఇంకో సుత్తితో గట్టిగా కొట్టండి. కన్ను అదిరి కాడ వదులుతుంది. మర కొస మీద కొట్టడం మాత్రం తప్పు. మరలు చెడిపోతాయి, కాడ పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. పంగల కర్ర లాంటి చీల్చే పనిముట్టు రబ్బరు టోపీని చింపుతుంది. కనుక పారేసే భాగానికి మాత్రమే దాన్ని వాడండి.

కొత్త కాడను బిగించేటప్పుడు టేపరు మీద గ్రీజు, నూనె ఉండకూడదు. నట్టును మాన్యువల్‌లో ఇచ్చిన బిగువుకు తిప్పండి. నట్టు గాడి పిన్ను రంధ్రానికి ఎదురుగా రాకపోతే ఇంకొంచెం ముందుకు బిగించాలి. గాడి కోసం నట్టును వెనక్కి తిప్పడం ఈ పనిలో జరిగే అతి సాధారణమైన, అతి ప్రమాదకరమైన తప్పు. పట్టు పోయిన టేపరును స్ప్లిట్ పిన్ కాపాడలేదు. పూర్తి బిగువు తరువాత పిన్ను రంధ్రం నట్టు గాడులను దాటి పైకి పోయిందంటే కాడ మరీ లోతుకు దిగింది, రంధ్రం పెద్దదైంది. రంధ్రం అసలు కనపడకపోతే కాడ సరిగా దిగలేదు. ఈ రెండు సందర్భాల్లోనూ వాషర్లు వేసి సర్దకండి, 6.4కు తిరిగి వెళ్లండి. స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తదే వేయాలి.

బెల్ క్రాంక్ అరిగితే పిన్‌ను మాత్రమే మార్చి ఊరుకోవద్దు. పిన్, బేరింగులు కలిపి కిట్‌గా మార్చండి. అరిగిన బేరింగులో కొత్త పిన్ ఎక్కువ కాలం నిలవదు. పిట్‌మన్ ఆర్మ్ తీయవలసి వస్తే షాఫ్టు మీద, ఆర్మ్ మీద కలిసేలా ఒక గుర్తు పెట్టుకోండి. ఒక్క పన్ను తప్పినా స్టీరింగ్ మధ్య స్థానం మారిపోతుంది.

నిపిల్ ఉన్న జాయింట్లకు గ్రీజు ఎక్కించండి, రబ్బరు టోపీ కొద్దిగా ఉబ్బగానే ఆపండి. గేర్ పెట్టె సర్దుబాటు స్క్రూను అన్నింటికన్నా చివర ముట్టుకోవాలి. లింకుల్లోని వదులును పెట్టె స్క్రూ బిగించి పోగొట్టాలని చూస్తే మలుపు తరువాత స్టీరింగ్ తనంతట తాను తిరిగి రాదు, పెట్టె లోపలి భాగాలు కూడా పాడవుతాయి.

6.6 టో-ఇన్ కొలవడం

పైనుంచి చూస్తే ముందు చక్రాల ముందరి అంచులు వెనకటి అంచులకన్నా కాస్త దగ్గరగా ఉండటమే టో-ఇన్. విల్లీస్ జీపులకు ఇచ్చిన కొలత 3/64 నుంచి 3/32 అంగుళం, అంటే సుమారు 1.2 నుంచి 2.4 మి.మీ. మీ నమూనాకు మాన్యువల్ వేరే కొలత ఇస్తే దాన్నే పాటించండి.

అలైన్‌మెంట్ యంత్రం లేని ఊళ్లోనూ దీన్ని కొలవవచ్చు. చక్రాన్ని ఎత్తి తిప్పుతూ, కదలకుండా ఆనించిన మేకుతో టైరు నడుమ చుట్టూ సన్నని గీత గీయండి. రెండు చక్రాలకూ గీశాక బండిని దించి, కొన్ని అడుగులు ముందుకు తోసి, స్టీరింగ్ తిన్నగా ఉంచి ఆపండి. ఇరుసు ఎత్తులో, ముందు వైపు రెండు గీతల మధ్య దూరాన్ని, వెనక వైపు దూరాన్ని కొలవండి. వెనక కొలత నుంచి ముందు కొలతను తీసేస్తే వచ్చేది టో-ఇన్.

సర్దేటప్పుడు ఎంత తిప్పాలో తెలియక చాలామంది ఎక్కువ తిప్పేస్తారు. రెండు చక్రాలనూ కలిపే ఒకే టై రాడ్ ఉన్న బండిని ఉదాహరణగా తీసుకుందాం. మర అంతరం 1.5 మి.మీ. అయితే, కొసలు ఎదురు మరలు కనుక, గొట్టాన్ని ఒక చుట్టు తిప్పితే పొడవు 3 మి.మీ. మారుతుంది. ఆర్మ్ 150 మి.మీ., టైరు వ్యాసం 700 మి.మీ. అయితే టో కొలత 14 మి.మీ. మారుతుంది! మనకు కావలసింది దానిలో ఏడో వంతు కన్నా కొంచెమే ఎక్కువ. కనుక ఒకసారికి చుట్టులో ఎనిమిదో వంతుకు మించి తిప్పకండి, మళ్లీ కొలవండి. టై రాడ్ ఇరుసు వెనక ఉంటే దాన్ని పొడిగించినప్పుడు టో-ఇన్ పెరుగుతుంది. ముందు ఉంటే తగ్గుతుంది.

క్లాంపులు బిగించేముందు రెండు జాయింట్లూ ఒకే తలంలో ఉన్నాయో లేదో చూడండి. ఒకటి అటు, ఒకటి ఇటు వాలి ఉంటే చక్రం పూర్తిగా తిరిగినప్పుడు కాడ గిన్నె అంచుకు కొట్టుకుంటుంది.

6.7 రోడ్డు మీదికి వెళ్లేముందు

స్టీరింగ్‌ను ఒక చివర నుంచి రెండో చివరకు పూర్తిగా తిప్పండి. ఏ రాడ్డూ కమానుకు, ఛాసిస్‌కు, బ్రేకు గొట్టానికి తగలకూడదు. బిగించిన ప్రతి నట్టు మీదుగా ఆర్మ్ మీదికి రంగుతో ఒక తిన్నని గీత గీయండి. నట్టు ఏమాత్రం కదిలినా గీత విరిగినట్టు కనిపిస్తుంది. 6.3లోని వదులు పరీక్షను మళ్లీ చేసి, చక్రం అంచు దగ్గర కొలతను పాత కొలత పక్కన రాయండి. తరువాత ఖాళీ రోడ్డు మీద, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి నడిపి చూడండి. బండి ఒక పక్కకు లాగుతోందా, మలుపు తరువాత స్టీరింగ్ తిరిగి వస్తోందా, గతుకు మీద చప్పుడు ఉందా గమనించండి.

బండిని అప్పగించేటప్పుడు విప్పిన పాత భాగాలను ఒక సంచిలో వేసి యజమానికి ఇవ్వండి. అరిగిన బంతిని అతని చేతితోనే కదిపి చూడనివ్వండి. వారం రోజులు బరువుతో తిరిగాక బండిని మళ్లీ తెమ్మని చెప్పండి. ఆ రోజు చూడవలసినవి నట్ల మీది రంగు గీతలు, స్ప్లిట్ పిన్నులు, రబ్బరు టోపీలు.